బొమ్మ రంగు వెనుక కథ



పసిబిడ్డ చేతికి బొమ్మ ఇస్తే ఏం చేస్తుందో మీకు తెలియనిది కాదు. అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా నోట్లో పెట్టుకుంటుంది. కొరుకుతుంది, చప్పరిస్తుంది. అందుచేత బొమ్మ కొనేటప్పుడు ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దీనికి వేసిన రంగు ఏమిటి? ఈ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉంది. అందులో కొంత భాగం మన పొరుగున, బెంగళూరులోనూ దాని చుట్టుపక్కలా జరిగింది.

హిందూపురం నుంచో, కోలారు నుంచో, కుప్పం నుంచో బెంగళూరు చేరి మైసూరు దారి పట్టినవారికి సుమారు 60 కిలోమీటర్లు పోయాక చన్నపట్న వస్తుంది. మద్రాసును మన పెద్దలు చెన్నపట్నం అనేవారు, ఇది ఆ ఊరు కాదు. ఇది కొయ్య బొమ్మల ఊరు. టిప్పు సుల్తాను పారశీక పనివారిని రప్పించి ఇక్కడ ఈ పని నేర్పించాడని జనం చెప్పుకుంటారు. మన తెలుగునాట, నేటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలోనూ దాదాపు ఇదే పని. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు ఈ విద్యలోనివే.

రెండు ఊళ్ళ బొమ్మలకూ కొయ్య ఒకటే. ఏటికొప్పాకలో అంకుడు కర్ర అంటారు, చన్నపట్నలో ఆలె మర అంటారు. మెత్తగా, తెల్లగా ఉండే కర్ర. దాన్ని ఆరబెట్టి, లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. బొమ్మ తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

లక్క అనేది మోదుగ వంటి చెట్ల మీద చిన్న పురుగు పెట్టే జిగురు. శుద్ధి చేసిన లక్కను మందు మాత్రల పూతకు, మిఠాయిల మెరుపుకు కూడా వాడతారు. కాబట్టి లక్క వల్ల భయం లేదు. భయమంతా ఆ లక్కలో కలిపే రంగుతోనే. పూర్వం పసుపు, నీలి, జాఫ్రా గింజలు, మంజిష్ఠ వంటివాటితో రంగులు తీసేవారు. వాటికి శ్రమ ఎక్కువ, సమయం ఎక్కువ. తరువాత చవకగా, డబ్బాల్లో పొడి రూపంలో రసాయన రంగులు వచ్చాయి. బొమ్మ ఆకారం మారలేదు, మెరుపు మారలేదు. లోపలి సరుకు మారిపోయింది. కొనేవారికి ఆ తేడా కంటికి కనిపించదు.

రసాయన రంగులన్నీ విషమని నేను అనను. కానీ కొన్ని పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఉంటుంది. సీసం సంగతి లోకానికి కొత్త కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే వైద్యుడు, పిల్లల జబ్బుకు ఇళ్ళ వరండాలకు వేసిన రంగే కారణమని 1904లోనే రాశాడు. అయినా అమెరికా వంటి దేశం పిల్లల బొమ్మల మీద సీసపు రంగును నిషేధించడానికి 1978 దాకా పట్టింది. ఆ తరువాత కూడా 2007లో పేరుపడ్డ ఒక అమెరికా కంపెనీ, రంగులో సీసం ఉందని తేలి, లక్షల బొమ్మలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

పిల్లలకే ఎందుకింత ప్రమాదం అంటారా? కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల శరీరం కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎదిగే మెదడును దెబ్బ తీస్తుంది. జ్వరం రాదు, దద్దురు రాదు. పిల్లవాడు చదువులో వెనకబడితే మొద్దు అంటాం, కుదురుగా కూర్చోకపోతే అల్లరి అంటాం. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

మన దేశంలో ఈ విషయాన్ని పదిమంది దృష్టికి తెచ్చిన ఊళ్ళలో బెంగళూరు ముఖ్యమైనది. 1990ల చివర ఇక్కడి జార్జ్ ఫౌండేషన్ కొన్ని నగరాల్లో పిల్లల రక్తం పరీక్ష చేయించింది. సగానికి పైగా పిల్లల్లో సీసం అప్పటి హద్దును దాటి ఉంది. ఆనాడు పెద్ద దోషి పెట్రోలు పొగ. 2000 సంవత్సరంలో దేశమంతటా పెట్రోలులో సీసం కలపడం ఆగిపోయింది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో ఆచార్యులు తుప్పిల్ వెంకటేశ్ సీసం విషయంలో దేశానికే పనికివచ్చే కేంద్రాన్ని నడిపారు. ఇంటి రంగుల్లో సీసానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన 90 పి.పి.ఎం. హద్దు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, 2017 నవంబరులో అమలులోకి వచ్చింది.

బొమ్మల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2021 జనవరి 1 నుంచి పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. సీసం, పాదరసం, కాడ్మియం వంటివి బొమ్మ నుంచి ఎంత ఊడివస్తాయో కూడా ఆ ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. అయితే నమోదైన చేతిపనివారి బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. పేద పనివారి పొట్ట కొట్టకూడదన్నది దాని ఉద్దేశం, అది న్యాయమే. కానీ అక్కడ గుర్తు చేయవలసిన పని మన ప్రశ్న చేయాలి.

ఆ ప్రశ్న అడిగితే ఫలితం ఉంటుంది. ఏటికొప్పాకలో సి.వి. రాజుగారు ఏళ్ళ తరబడి శ్రమించి చెట్టు చేమల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. విషం లేని రంగు కావాలని అడిగే కొనుగోలుదారు ఉంటేనే పనివాడికి ఆ శ్రమ గిట్టుబాటవుతుంది.

కాబట్టి మీరు జాతరలో కొన్నా, బెంగళూరు బజారులో కొన్నా కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ బొమ్మ అయితే ఐ.ఎస్.ఐ. గుర్తు, వయసు వివరం చూడండి. కొయ్య బొమ్మ అయితే రంగు సంగతి అడగండి, తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. రంగు గుడ్డకు అంటితే అది బిడ్డ నోటికీ అంటుతుంది. అంటకపోయినంత మాత్రాన సీసం లేదని కాదు, ఆ సంగతి ప్రయోగశాలే తేల్చాలి. పెచ్చులూడే పాత బొమ్మను పిల్లలకు అందనివ్వకండి. మూడేళ్ళ లోపు బిడ్డకు మూడు సెంటీమీటర్ల కంటే చిన్న ముక్కలు, పూసలు ఉన్న బొమ్మ వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. గుండీలాంటి బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. దాన్ని మింగితే గంటల్లో ఆహారనాళం కాలిపోతుంది, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన తాతల నాటి లక్కపిడతను పిల్ల నోట్లో పెట్టుకున్నా ఎవరూ కంగారుపడలేదు. ఆ నిశ్చింత మన మనవలకూ దక్కాలంటే, డబ్బు చెల్లించే ముందు అంగడివాణ్ణి ఆ ఒక్క మాట అడగండి.