క్వాంటమ్ భౌతికశాస్త్ర ప్రారంభ బోధన – మాధ్యమ భాషల చరిత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యం

ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటిలో అధిక భాగం పూర్వపు వరంగల్ జిల్లాకు చెందినదే. కాబట్టి ఇక్కడి కళాశాలల్లో క్వాంటమ్ భౌతికశాస్త్ర బోధనా చరిత్రను ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల చరిత్రతో కలిపి చూడాలి. ఒక శతాబ్దంలో బోధనా భాష ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మళ్ళీ ఇంగ్లీషుగా మారింది. ఈ మార్పులు విద్యార్థి అవగాహనపై చూపిన ప్రభావాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

ఉర్దూ నుంచి తెలుగు దాకా

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను కూడా ఉర్దూలోనే బోధించింది. అందుకు అవసరమైన గ్రంథాలను, పరిభాషను 1917లో నెలకొల్పిన అనువాద సంస్థ సిద్ధం చేసింది. 1948 తరువాత ఆ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 1952–57 మధ్య ఉపకులపతిగా ఉన్న సూరి భగవంతం 1931లోనే సి.వి. రామన్‌తో కలిసి ఫోటాన్ భ్రమణంపై ప్రయోగాత్మక పరిశోధన ప్రకటించినవారు. పరిశోధనలో అంతటి సంప్రదాయం ఉన్నా, అది డిగ్రీ తరగతి గదికి చేరడానికి భాష అడ్డుగా నిలిచింది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు వరంగల్ ప్రాంతానికి చెందిన పి.వి. నరసింహారావు. అకాడమి ప్రచురణలతో డిగ్రీ భౌతికశాస్త్రం తెలుగులో అందుబాటులోకి వచ్చింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం స్థాపితమై, ఈ ప్రాంత కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి.

పరిభాష – భావన

తెలుగు పదాలు భావనను దగ్గర చేశాయి. కొన్నిచోట్ల తికమకకూ తావిచ్చాయి. ‘తరంగ ప్రమేయం’లోని ‘ప్రమేయం’ గణితం చదివినవారికి పరిచితమే. కాని వాడుకలో ‘నా ప్రమేయం లేదు’ అన్నప్పుడు దాని అర్థం వేరు. ‘అనిశ్చితత్వం’ అనగానే పరికరంలోని లోపం అనుకునే ప్రమాదం ఉంది. హైజెన్‌బర్గ్ 1927లో చెప్పినది కొలత నైపుణ్యపు కొరతను గురించి కాదు, ప్రకృతి స్వభావాన్ని గురించి. ఎర్రగా మండే కొలిమిని ‘కృష్ణ వస్తువు’కు ఉదాహరణగా చెబితే విద్యార్థి ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యాన్నే పాఠానికి ఆరంభంగా మలచుకోవాలి.

భూపాలపల్లి పరిసరాల్లో సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. సుమారు 1500 కెల్విన్ ఉష్ణోగ్రత గల కొలిమి వికిరణ తీవ్రత 1.9 మైక్రోమీటర్ల వద్ద గరిష్ఠం. అది కంటికి కనిపించని పరారుణం. మనకు కనిపించే ఎరుపు ఆ వర్ణపటపు అంచు మాత్రమే. ఈ వక్రరేఖను వివరించడానికే ప్లాంక్ 1900లో శక్తి క్వాంటాలను ప్రతిపాదించాడు. జనగామ, మహబూబాబాద్ స్టేషన్ల మీదుగా నిత్యం ప్రయాణించే విద్యార్థికి ఎల్ఈడీ దీపం శక్తిపట్టీల పాఠానికి చేరువ దారి.

ఇంజనీరింగ్ తరగతి

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఇంజనీరింగ్‌లో చేరగానే ఇంగ్లీషుతో పాటు ష్రోడింగర్ సమీకరణాన్నీ ఎదుర్కొంటాడు. 2018లో హైదరాబాద్ జెఎన్‌టియు రూపొందించిన ప్రణాళికలో అనువర్తిత భౌతికశాస్త్రపు తొలి యూనిట్ క్వాంటమ్ యాంత్రికశాస్త్రమే. కృష్ణ వస్తు వికిరణం నుంచి పెట్టెలోని కణం వరకు ఒక్క యూనిట్‌లోనే ఇమిడిపోయాయి. భాష, గణితం, భావన మూడూ ఒకేసారి కొత్తవైతే, విద్యార్థికి మిగిలేది కంఠస్థమే. ఉత్పాదనను అప్పగించగల విద్యార్థి, తరంగ ప్రమేయపు వర్గం దేని సంభావ్యతను తెలుపుతుందో చెప్పలేకపోవచ్చు.

ముగింపు

1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఢాకాలో ప్లాంక్ నియమాన్ని బోధిస్తూ, దాని ఉత్పాదనలోని లోపాన్ని గుర్తించి కొత్త గణాంకశాస్త్రానికి బాట వేశాడు. పాఠాన్ని లోతుగా ప్రశ్నించిన తరగతి గది నుంచే సిద్ధాంతం పుట్టగలదనడానికి ఇది నిదర్శనం. 2023లో కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఆ అవకాశం ఈ మూడు జిల్లాల విద్యార్థులకు అందాలంటే ఇంగ్లీషు పాఠ్యంతో పాటు తెలుగు వివరణ, పదాల అర్థపరిధిపై చర్చ, పరిసరాల నుంచి తీసుకున్న ఉదాహరణలు తరగతిలో భాగం కావాలి. మాధ్యమం మారిన ప్రతిసారీ పాత భాషలో కూడబెట్టిన బోధనానుభవాన్ని వదిలేశాం. ఈసారి దాన్ని నిలుపుకోవడం అధ్యాపకుల చేతిలో ఉంది.