జీతం రాని నెలలు, మనసుకు కాస్త నడక



కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు మన పెద్దవాళ్ళు. ఆ మాట వాళ్ళు సొమ్ము గురించి అన్నారు గాని, మనసుకీ సరిపోతుంది. పని ఆగి, జీతం ఆగి మనిషి ఇంటిపట్టున ఉండిపోతే, డబ్బాలో బియ్యంతో పాటు గుండెలో ధైర్యం కూడా అడుగంటుతుంది. చదువుకున్నవాళ్ళకు, నలుగురికి పాఠం చెప్పేవాళ్ళకు కూడా ఇది తప్పదు. ఆఫ్రికాలోని నైజీరియా దేశపు విశ్వవిద్యాలయ అధ్యాపకుల కథ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

అక్కడి అధ్యాపకులు 1965లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. 1978లో అది కార్మిక సంఘంగా మారింది. ఆసూ అని పిలుస్తారు దాన్ని. 1988లో సమ్మె చేస్తే సైనిక ప్రభుత్వం సంఘాన్నే నిషేధించింది. 1990లో నిషేధం ఎత్తేసి, 1992లో మళ్ళీ పెట్టింది. తర్వాత ప్రజాప్రభుత్వం వచ్చింది. 2009లో జీతాలు, విశ్వవిద్యాలయాల నిధుల గురించి ఒక ఒప్పందం కుదిరింది. కాగితం మీద బాగానే ఉంది గాని, అమలు దగ్గరే చిక్కు వచ్చింది. ఈలోగా వాళ్ళ రూపాయి, అంటే నైరా, విలువ పడిపోయింది. 2009లో డాలరుకు సుమారు 150 నైరాలు ఉంటే, 2022 నాటికి సర్కారు లెక్కలోనే 400 దాటింది. జీతం అంకె మాత్రం దాదాపు అక్కడే ఉండిపోయింది. ధరలు పెరిగి జీతం పెరగకపోతే ఇల్లు నడిపే మనిషికి ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

2020లో మార్చి నుంచి డిసెంబరు దాకా సమ్మె జరిగింది. మళ్ళీ 2022 ఫిబ్రవరి 14న మొదలైంది. ముందు నెల రోజులే అన్నారు. అది పెరిగి పెరిగి అక్టోబరు 14 దాకా, సరిగ్గా ఎనిమిది నెలలు సాగింది. ప్రభుత్వం చట్టం చూపించి, పని చేయని రోజులకు జీతం లేదన్నది. తిరిగి వెళ్ళాక ఆగిన పాఠాలన్నీ మేమే చెప్పాలి కదా, అప్పుడది పని చేసినట్టే కదా అని సంఘం వాదించింది. చివరికి కోర్టు ఉత్తర్వుతో క్లాసులు మొదలయ్యాయి. ఏడాది తర్వాత, 2023 అక్టోబరులో, కొత్త అధ్యక్షుడు టినుబు ఆగిన జీతాల్లో నాలుగు నెలలవి ఇమ్మని ఆదేశించారు.

ఈ లెక్కలన్నీ పత్రికల్లో ఉన్నాయి. పత్రికల్లో అంతగా రానిది ఇంటి లోపలి సంగతి. అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ఇంకో దేశం, ఇంకో కాలం వెళ్ళాలి. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియంథాల్ అనే ఊరుంది. 1930 ప్రాంతంలో అక్కడి బట్టల మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని లేకుండా అయింది. మారీ యహోదా అనే యువతి, తోటి పరిశోధకులతో కలిసి ఆ ఊరిని పరిశీలించి, 1933లో పుస్తకం వేసింది. కిటికీ వెనక గడియారం పట్టుకుని కూర్చుని, వీధిలో వెళ్ళేవాళ్ళ నడక కొలిచారట! మగవాళ్ళు మెల్లగా నడిచేవారు, మాటిమాటికీ ఆగేవారు. ఎక్కడికీ తొందర లేదు మరి. తీరిక బోలెడుంది, లైబ్రరీలో రుసుము కూడా తీసేశారు, అయినా పుస్తకాలు తీసుకెళ్ళటం సుమారు సగానికి పడిపోయింది. ఆడవాళ్ళు మాత్రం గబగబా నడిచేవారు. వాళ్ళకు జీతం పోయింది గాని, వంట పోలేదు, ఉతుకు పోలేదు!

సమ్మె వేరు, మిల్లు మూతపడటం వేరు. సమ్మె చేసేవాడికి ఒక పట్టుదల ఉంటుంది, తిరిగి వెళ్ళే కుర్చీ ఉంటుంది. కానీ నెలలు గడిచేకొద్దీ రెండిళ్ళలోనూ ఒకటే జరుగుతుంది. పొద్దున లేవటానికి కారణం కనపడదు. అధ్యాపకుడికి క్లాసుకు నడవటం, గంటల తరబడి నిలబడటం, మెట్లెక్కటం ఉద్యోగంలో భాగం. సమ్మెలో జీతంతో పాటు ఆ కదలిక కూడా ఆగిపోతుంది.

ఆ కదలిక చిన్నదేం కాదు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. ఇక మనసు మాట. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1999లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటి, దిగులు జబ్బుతో ఉన్న 156 మందిలో కొందరికి మందు, కొందరికి వారానికి మూడుసార్లు వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. 16 వారాల తర్వాత మూడు జట్లూ దాదాపు సమానంగా తేరుకున్నాయి. వ్యాయామం జట్టుకు తొలి వారాల్లో గుణం కాస్త ఆలస్యంగా కనిపించింది. అంటే ఓపిక పట్టాలన్నమాట.

వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకి అరగంట నడక, వారానికి ఐదు రోజులు నడిస్తే సరి. దానికి ఫీజు లేదు, పరికరం అక్కర్లేదు. జీతం లేని ఇంట్లో కూడా మిగిలే వైద్యం అదొక్కటే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వేళ పెట్టుకుని వెళితే ఇంకా మంచిది. బయట ఒకరు ఎదురుచూస్తున్నారంటే మంచం దిగక తప్పదు కదా!

అయితే ఒక్కమాట. నడక వల్ల అన్నం కుండ నిండదు. ఎనిమిది నెలల జీతం ఆపి, వ్యాయామం చేసుకోండని చెబితే అది ఎగతాళే అవుతుంది. అన్యాయం సరిదిద్దటం వేరే పని, అది జరిగే దాకా మనిషి నిలబడటం వేరే పని. నడక రెండో దానికి సాయం. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదనే మాట వస్తే నడకతో సరిపెట్టకూడదు, డాక్టరుకు చూపించాలి. మన దేశంలో 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ఉచిత ఫోను సాయం ఉంది. నెంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లో ఎవరి పనైనా ఆగితే మనం ముందు చూసేది బియ్యం డబ్బా. చూడాల్సిందే. దాంతో పాటు ఆయన ఎన్నింటికి లేస్తున్నారు, గడప దాటి ఎన్నాళ్ళయింది అన్నది కూడా చూడండి. సాయంత్రం పని కాసేపు పక్కన పెట్టి, ‘రండి, వీధి చివరిదాకా వెళ్ళొద్దాం’ అనండి. పొద్దస్తమానం వంటింట్లో తిరిగే మనకి కూడా ఆ నడక కావాలి. ఇంటి చాకిరీ అలుపు తెస్తుంది గాని, మనసుకు గాలి తగలనివ్వదు.