వాన పడితే నాన్న గ్రంథాలయంలో ఉండేవాడు

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయ శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. నికేతనం చరిత్ర నాకంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. నాకు తెలిసింది దాని మెట్లు ఏళ్ల తరబడి ఎక్కిన ఒక నేతకారుడి సంగతి. ఆయన మా నాన్న.

మాది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని పొద్దున్నే కూర్చుంటే నాన్న దీపాలవేళకు లేచేవాడు. పక్కన రాట్నం దగ్గర అమ్మ కండెలు చుట్టేది. నాడెలో కండె అయిపోతే ఆయన పిలిచేవాడు కాదు. మగ్గం చప్పుడు ఆగేది. అంతే, అమ్మ చేయి చాచి ఇంకో కండె అందించేది. కూలి నాన్న పేరున లెక్క కట్టేవాళ్లు గానీ ఆ చీరలో సగం అమ్మది. ఈ మాట అన్నది నేను కాదు, నాన్నే. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల ముందే అనేవాడు.

చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి. తాత ఆ రుమాళ్లు నేశాడు. నాన్న కాలానికి చీరలే మిగిలాయి. వాటికి వాడేది గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పండిన పత్తే అయినా అది మిల్లుకు పోయి, చిలపనూలై, షావుకారు చేతులు దాటితే తప్ప మా గుమ్మంలోకి రాదు.

వానాకాలం వస్తే గుంటలో నీరూరుతుంది. గంజి ఆరదు, తేమకు పడుగు బిర్రుగా నిలవదు. మగ్గం ఆగితే కూలి లేదు. అలాంటి రోజుల్లో అందరూ అరుగుల మీద దిగులుగా కూర్చునేవాళ్లు. నాన్న గొడుగేసుకుని నికేతనానికి వెళ్లేవాడు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక తెలుగునాట ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. మా ఊళ్లో వి.వి. శ్రేష్ఠి గారు 1918 అక్టోబరు 15న నికేతనాన్ని మొదలుపెట్టారు. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ ఇక్కడే భద్రంగా ఉంది. నాన్న నన్ను మొదటిసారి తీసుకెళ్లింది ఆ కర్ర చూపించడానికే. దాని దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాం. పాత పత్రికల దగ్గర మాత్రం గంటకు పైగా ఉండిపోయాం. ఆంధ్రపత్రిక, భారతి సంపుటాలు అక్కడ వరసగా ఉంటాయి. వాటికోసం ఎక్కడెక్కడి పరిశోధకులో ఇప్పటికీ మా ఊరు వస్తారు.

బయల్దేరే ముందు నాన్న నూతి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు. గోళ్ల సందుల్లో గంజీ రంగూ ఉంటాయి మరి. "పాత కాగితం అమ్మాయ్, మరకైతే మళ్లీ ఎవరు నేసిస్తారు?" అనేవాడు.

  

అమ్మకు చదువు రాదు. రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు చదివినదంతా నాన్న ఆమెకు చెప్పేవాడు. సీరియల్ నవల మంచి పట్టులో ఉండగా "మిగతాది వచ్చే వారం" అంటే అమ్మ నిజంగానే కోప్పడేది. నేను నవలలు చదవడం నేర్చుకున్నది ఆ చాప మీదే.

1991లో చిలపనూలు ధర నేతకారుడికి అందనంత పైకి పోయింది. చీరాల ప్రాంతపు ఆకలిచావులు దేశమంతటి పత్రికలకూ ఎక్కాయి. నాన్న ఆ వార్తలు నికేతనంలోనే చదివాడు. ఆ రాత్రులు అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. మగ్గం ఆగినప్పుడు కండె అందించినట్టే, ఆ మౌనాన్ని కూడా ఆమె అర్థం చేసుకుంది.

నాన్న పోయాక దినవారాల మధ్యలో అమ్మ గూట్లోంచి ఒక పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "ఇది నికేతనంవాళ్లది. గడువు దాటకముందే ఇచ్చిరా" అంది. అట్టకు పాత చీర ముక్కతో తొడుగు వేసి ఉంది. అది నాన్న నేసిన చీర. తొడుగుతోనే ఇచ్చొచ్చాను.

వేటపాలెంవాళ్లు ఎక్కడున్నా ఒక్క మాట. ఇంట్లో పాత పుస్తకాలూ పత్రికలూ తూకానికి వేసే ముందు ఒకసారి నికేతనానికి చూపించండి.