గాజు పెళుసుతనము: స్వభావమా, ఆగంతుకమా?

శ్రోతలారా, పెళుసు వస్తువునకు ఉదాహరణ మేదని అడిగినచో ఏ బాలుడైనను గాజనియే చెప్పును. ఇనుము వంగును, సీసము నొక్కుకొనును, గాజు మాత్రము పగులును. కాని తర్కము చదువుకొన్న నాబోటివానికి ఇచ్చట ఒక ప్రశ్న తోచకపోదు. నీటికి చల్లదనము స్వభావము, వేడి ఆగంతుకము. గాజునకు ఈ పెళుసుతనము ఆ రెండింటిలో ఏది? ఈ సంగతి తేల్చుటకు పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేండ్లు పట్టినది.

1880వ సంవత్సరపు క్రిస్మసు సెలవులలో బెర్లిను నగరమున హైన్రిఖ్ హెర్ట్జు అను 23 ఏండ్ల యువకుడు, ఒకదానిపై నొకటి అదిమిన గాజు కటకములను గూర్చి ఆలోచించుచుండెను. తరువాతి కాలమున విద్యుత్తరంగములను ఉత్పత్తి చేసి చూపిన హెర్ట్జు ఇతడే. ఈ ఆకాశవాణి ప్రసంగమునకు సయితము మనము అతనికి ఋణపడియున్నాము. రెండు గుండ్రని ఘనపదార్థములు తాకినచోట ఒత్తిడి ఎట్లు వ్యాపించునో అతడు గణితముచే నిర్ణయించెను. గుండ్రని వస్తువును గాజుపై గట్టిగా అదిమినచో, తాకినచోటి అంచున వలయమువలె పగులు పుట్టి, లోనికి పోను పోను శంకువువలె విప్పారును. హెర్ట్జు గణితమున గాజునకు ఉన్న గుణము స్థితిస్థాపక మొక్కటే. (తర్కసంగ్రహము చెప్పిన మూడు సంస్కారములలో ఇది యొకటి; నేటి భౌతికశాస్త్ర గ్రంథములలోని మాటయు ఇదియే.) ఒత్తిడి తీసినచో పూర్వస్థితికి రావలెను, లేదా పగులవలెను. గాజునకు మూడవ గతి లేదు.

ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమున గ్రిఫిత్ అను ఇంజనీరు గాజును కాచి సన్నని పోగులుగా తీసి, లాగి తెంపి చూచెను. పోగు సన్నమైనకొలది దాని బలము ఎన్నో రెట్లు పెరిగెను. కంటికి కానరాని నెఱియలే గాజును దుర్బలము చేయుచున్నవని అతడు 1921లో ప్రకటించెను. ఆగంతుక పక్షమునకు ఇంతకన్న బలమైన సాక్ష్యము మఱి యొకటి లేదని నా అభిప్రాయము.

ఇక పదునైన మొన సంగతి. లోహముల గట్టితనము కొలుచుటకు 1920 ప్రాంతమున వజ్రపు సూచి ఒకటి వాడుకలోనికి వచ్చినది. అది నాలుగు ముఖములుగల గోపురము. ఎదురెదురు ముఖముల నడుమ కోణము 136 డిగ్రీలు. ఇట్టి మొనతో తేలికగా అదిమినచో గాజుపై పగులు లేని గుంట శాశ్వతముగా మిగులునని 1949లో టెయిలరు "నేచరు" పత్రికలో తెలిపెను. అనగా మూడవ గతి యున్నది!

అయితే గుంటలోని పదార్థ మెచ్చటికి పోయినది? లోహమున అణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారును. గాజున అట్టి వరుసలే లేవు. అది క్రమములేని అల్లిక అని 1932లోనే జకారియాసెన్ చెప్పియుండెను. దీనికి సమాధానము 1953లో బ్రిడ్జిమన్, షిమన్ అనువారి ప్రయోగమున దొరికినది. సుమారు లక్ష వాతావరణముల ఒత్తిడికి మించి అదిమినచో శుద్ధసిలికా గాజు శాశ్వతముగా సాంద్రమగును. బోలుగా అల్లిన ఆ గాజు, మూటను త్రొక్కినట్లు, తనలోనికే క్రుంగును. సోడా, సున్నము కలిసిన కిటికీ గాజున ఖాళీ తక్కువ; అందలి పదార్థము క్రుంగుటయే గాక ప్రక్కకును జారును.

ఏది ఎంత యని తేల్చుటకు కనిపెట్టిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. గుంటపడిన గాజును, మెత్తబడనంత మేరకు, కొంతసేపు వేడిచేయుదురు. క్రుంగిన భాగము మరల పొంగును, జారిన భాగము జారినట్లే యుండును. 2005లో ఈ పద్ధతిచే కొలువగా, సిలికా గాజు గుంటలో పదింట తొమ్మిది పాళ్లు, కిటికీ గాజు గుంటలో సుమారు ఆరు పాళ్లు క్రుంగుటవలన కలిగినవని తేలినది.

జారిన పదార్థము చుట్టుప్రక్కలను నెట్టుచు అచ్చటనే నిలుచును. అందుచేతనే కిటికీ గాజున వజ్రమును ఎత్తివేయునప్పుడు సయితము పగుళ్లు పుట్టుట కలదు. బరువు తీసినపిదప పగులుట వింతయే గదా! అట్లని క్రుంగుటయే సర్వరక్షయని తలపరాదు. సిలికా గాజున హెర్ట్జు చూచిన వలయపు పగులే మరల ఎదురగును. అందుచే మధ్యమార్గమును వెదకినవారున్నారు. 1998లో సేహ్గల్, ఇటో అను పరిశోధకులు సోడాసున్నపు గాజు పాళ్లనే సవరించి, అల్లికను కొంచెము బోలుచేసి, పెళుసుతనము తగ్గిన గాజును చేసిచూపిరి. దానిపై వజ్రమును అదిమినచో గుంట పడును; పగులు పుట్టుటకు మాత్రము మామూలు గాజునకన్న ఎక్కువ బరువు కావలెను.