నాలుగు ట్రాకుల టేపు: 'సార్జెంట్ పెప్పర్' రికార్డు కథ

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించిన నాటినుండి చిరకాలము ధ్వనిముద్రణమునకు ఒక్కటే లక్ష్యముగా నుండెను: పాడినదానిని పాడినట్లే నిలిపియుంచుట. అయస్కాంత టేపు వచ్చిన పిదప ఈ భావము మారెను. టేపును కత్తిరించి అతుకవచ్చును, వేగము మార్చవచ్చును, వెనుకకు నడపవచ్చును. స్టూడియోయే ఒక వాద్యము కాగలదని లోకమునకు చాటిన రికార్డులలో ముఖ్యమైనది 1967 మే నెలలో ఇంగ్లండున వెలువడిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్'.

దీనిని రూపొందించినది బీటిల్స్ అను రాక్ సంగీత బృందము. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అను ఈ నలువురును లివర్‌పూల్ నగరమువారు. తమ తొలి ఆల్బముకై 1963 ఫిబ్రవరి 11న ఒక్క దినములో 10 పాటలు రికార్డు చేసిరి. కాని పేరు పెరిగినకొలది కచేరీలలో జనుల కేకలకు వారి పాట వారికే వినబడదయ్యెను. 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కో కచేరీతో వారు ఊరూర తిరుగుట మానిరి. వేదికపై పాడి చూపవలసిన పని లేనందున, వేదికపై సాధ్యముకాని నాదములను కోరసాగిరి. అదే సంవత్సరము నవంబరు 24న లండను నగరమున ఆబీ రోడ్డునందలి ఇ.ఎం.ఐ. స్టూడియోలో పని ఆరంభమై సుమారు 5 నెలలు సాగెను. నిర్మాత జార్జ్ మార్టిన్. ధ్వని ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ అప్పటికి 21 ఏండ్ల యువకుడు.

నాలుగు ట్రాకుల చిక్కు

అచటి టేపు యంత్రమునందు ఒక అంగుళము వెడల్పుగల టేపుపై నాలుగు ట్రాకులు మాత్రమే పడును. నాగటిచాళ్లవలె ఇవి ప్రక్కప్రక్కనే యుండియు ఒకదానితో నొకటి కలియవు. ఒకదానిపై డ్రమ్ములు, వేరొకదానిపై గిటారు, మరొకదానిపై కంఠము విడివిడిగా ఎక్కింపవచ్చును. నాలుగును నిండినపుడు వానిని కలిపి, రెండవ యంత్రముపై ఒకటి రెండు ట్రాకులలోనికి దింపెడివారు. మిగిలినవి క్రొత్త వాద్యములకు ఖాళీగా దొరకును.

ఈ సౌకర్యము ఊరక రాలేదు. టేపు పూతలోని అయస్కాంత కణముల వలన సన్నని బుస ఎల్లప్పుడు ఉండును. సమానమైన రెండు బుసలు కలిసినచో శక్తి రెట్టింపగును. అనగా 3 డెసిబెల్లులు పెరుగును. అంతకన్న కష్టమైనది మరియొకటి. ఒకసారి కలిపిన డ్రమ్మును గిటారును ఆనాడు మరల విడదీయుటకు వీలులేదు. వెనుకటి టేపునకు పోయినచో ఆపై చేర్చినదంతయు వ్యర్థమగును. గిటారు ఎంత బిగ్గరగా వినబడవలెనో, ముందు ఏ వాద్యములు చేరునో తెలియకముందే నిర్ణయింపవలసి వచ్చెను.

శ్రుతియు వేగమును

టేపును రికార్డు చేసినదానికన్న వేగముగా నడపినచో సెకనుకు హెచ్చు కంపనములు చెవిని చేరును. శ్రుతియు, నడకయు కలిసి హెచ్చును. షడ్జమము నుండి పై షడ్జమమునకు పౌనఃపున్యము రెట్టింపు. ఈ అంతరమును 12 సమానమైన మెట్లుగా చేసినచో ఒక్కొక్క మెట్టు నిష్పత్తి సుమారు 1.06. కావున వేగమును 6 శాతము పెంచిన పాట ఒక మెట్టు పైకెక్కును. 'వెన్ ఐ యామ్ సిక్స్‌టీ-ఫోర్' అను పాటలో మెకార్ట్నీ కంఠము లేతగా వినబడుటకు కారణము ఇదియే.

నలుబదిమంది వాద్యకారులు

'ఎ డే ఇన్ ది లైఫ్' పాటలో 24 ఆవర్తముల ఖాళీని విడిచిరి. దానిని నింపుటకు 1967 ఫిబ్రవరి 10న 40 మంది వాద్యకారులు వచ్చిరి. ప్రతివాడును తన వాద్యమునందలి మంద్రస్వరమున ఆరంభించి, ప్రక్కవానిని అనుసరింపక, పై స్వరమునకు ఎక్కవలెను. దీనిని పలుమార్లు రికార్డు చేయుటకు ట్రాకులు చాలవు. కెన్ టౌన్‌సెండ్ అను ఇంజనీరు ఉపాయము కనిపెట్టెను: మొదటి యంత్రపు టేపుపై 50 హెర్ట్జుల నాదమును ఎక్కించి, దానితోనే రెండవ యంత్రపు మోటారును నడపెను. రెండు యంత్రములును ఒకే కాడికి కట్టిన ఎద్దులవలె సాగెను. పాట చివర పలు పియానోలు ఒక్కసారిగా మ్రోగి, ఆ నాదము 40 సెకనులకు మించి నిలుచును. నాదము క్షీణించుచుండగా ఎమెరిక్ ధ్వనిస్థాయిని క్రమముగా పెంచుచు పోయెను.

ఈ రికార్డునకు భారతీయ సంబంధమును కలదు. రవిశంకర్ వద్ద సితారు నేర్చిన హారిసన్ రచించిన 'వితిన్ యూ వితౌట్ యూ' పాటకు లండనులోని భారతీయ కళాకారులు దిల్‌రుబా, తబలా, తంబురా వాయించిరి. పాశ్చాత్య వయొలిన్లు దిల్‌రుబా గమకములను అనుసరించినవి. అయినను రికార్డు అట్టపై ఆ కళాకారుల పేర్లుగాని, ఎమెరిక్, టౌన్‌సెండ్‌ల పేర్లుగాని లేవు. ఎమెరిక్‌కు మరుసటి సంవత్సరము గ్రామీ బహుమతి లభించెను.

కలుపకముందరి టేపులను స్టూడియోవారు పారవేయలేదు. 2017లో, ఏబది ఏండ్ల తరువాత, మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్ ఆ తొలి టేపులను కంప్యూటరుపై జతపరచి ఆల్బమును మరల కూర్చెను. నడుమ చేరిన బుస తొలగెను. కాని ఏ వాద్యము ఎచట ప్రవేశింపవలెను, ఎచట ఆగవలెను అను నిర్ణయములు మాత్రము 1967 నాటివే. నాలుగు ట్రాకుల యిరుకులో తీసికొన్న ఆ నిర్ణయములే నేటికిని ఆ రికార్డునకు ప్రాణము.