యంత్రం ఎవరికి పాఠం చెప్పింది?

మాటలు ఆలస్యమవుతున్న పసిపిల్లల కోసం వచ్చిన సాధనాల చరిత్రను యంత్రాల వరసగా చెప్పడం అలవాటు: టేప్ రికార్డర్, వీడియో, ట్యాబ్, ఆప్. అలా చెబితే అసలు సంగతి మరుగునపడుతుంది. గడిచిన ఎనభై ఏళ్ళలో ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చూస్తే, యంత్రం ఎంత కొత్తదన్నది పెద్ద విషయం కాదు, అది ఎవరికి పాఠం చెప్పిందన్నదే విషయం. తల్లిదండ్రులకు నేర్పినవి నిలిచాయి. వాళ్ళను పక్కకు జరిపి నేరుగా బిడ్డతో మాట్లాడబోయినవి చాలావరకు తేలిపోయాయి.

ఈ దారి వేసింది యంత్రం కూడా కాదు, తపాలా. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ, లూయీజ్ దంపతులకు 1924లో పుట్టిన జాన్‌కు వినపడదని నెలల వయసులోనే తెలిసింది. కొడుక్కి తానే నేర్పుకున్న లూయీజ్ 1942లో లాస్ ఏంజెలెస్‌లో జాన్ ట్రేసీ క్లినిక్ పెట్టింది. మరుసటి ఏడాదే ఉత్తరాల ద్వారా ఉచితంగా పాఠాలు మొదలయ్యాయి. తల్లి పాఠం చదివి, ఇంట్లో ఆచరించి, బిడ్డ ఏం చేశాడో రాసి పంపాలి. ఆ ఉత్తరానికి క్లినిక్ నుంచి జవాబు వచ్చేది. అచ్చు పాఠం ఎవరైనా పంపగలరు, ఆ జవాబే ఈ పద్ధతికి ప్రాణం. ఆ పాఠాలు పెదవుల కదలికను చదవడం మీదా నోటిమాట మీదా నడిచాయి, సంజ్ఞాభాషను దూరం పెట్టాయి. బధిరులు దాన్ని తప్పుపట్టడం న్యాయమే. కానీ తప్పు ఏం నేర్పాలన్నదాంట్లో ఉంది, ఎవరికి నేర్పాలన్నదాంట్లో కాదు.

1970ల నడుమ కెనడాలోని మాంట్రియల్‌లో అయాలా మానల్సన్ అనే స్పీచ్ థెరపిస్టు తల్లిదండ్రులకు బృందాలుగా శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. హానెన్ కార్యక్రమంగా పేరుపడింది అదే. తల్లి తన బిడ్డతో ఆడుతుండగా వీడియో తీసి, తర్వాత ఆమెతో కలిసి చూడటం అందులో ముఖ్యమైన భాగం అయింది. ఆ వీడియోలో తల్లికి కనబడేది బిడ్డ లోపం కాదు, తన తొందర: ఎన్ని ప్రశ్నలు గుప్పించిందో, బిడ్డ చూపు బొమ్మ మీదికి వెళ్ళినప్పుడు తానెటు చూస్తోందో, జవాబు కోసం ఎంతసేపు ఆగిందో. థెరపిస్టు నోటితో చెబితే ఇవి నిందలా వినిపించేవి.

అదే వీడియోను బిడ్డ ముందు పెడితే కథ మారింది. పసిపిల్లలకు చదువు చెబుతామన్న డీవీడీలు అమెరికాలో బాగా అమ్ముడుపోయాయి. 2009లో డిస్నీ తన బేబీ ఐన్‌స్టైన్ డీవీడీలు కొన్నవారికి డబ్బు వాపసిస్తానంది. అంతకుముందే, 2003లో, పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా భాష వినిపించి చూసింది. మనుషులు ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అదే వయసు పిల్లలు, అదే మాట తెర మీద వస్తే పట్టుకోలేదు. వీళ్ళు మాటలో వెనకబడిన పిల్లలు కారనేది నిజమే. మామూలు బిడ్డకే దక్కనిది, వెనకబడిన బిడ్డకు దక్కుతుందనుకోవడానికి ఆధారం మాత్రం కావాలి.

అయితే బిడ్డ చేతికిచ్చే మాట్లాడే పరికరాల సంగతేమిటని అడగవచ్చు. బొమ్మ నొక్కితే పలికే పరికరం అలవాటైతే నోరు తెరవడని ఇళ్ళల్లో భయం. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయంలో రామ్‌స్కీ, సెవ్‌చిక్‌లు పది మాటలు కూడా రాని 62 మంది పసిపిల్లలతో చేసి, 2010లో ప్రచురించిన అధ్యయనం ఆ భయాన్ని నిలబడనివ్వలేదు. పరికరం వాడిన పిల్లల్లో పదాలు పెరిగాయి, నోటిమాట వెనక్కి పోలేదు. అక్కడ తల్లిదండ్రులకూ శిక్షణ ఇచ్చారు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: ఇదంతా తల్లి నెత్తిన భారం పెట్టడమే కదా? ఉదాహరణకు, లీనా అనే చిన్న రికార్డర్ బిడ్డ చొక్కా జేబులో రోజంతా ఉండి, పెద్దలు ఎన్ని మాటలన్నారో, ఎదురుబదురు సంభాషణలు ఎన్ని జరిగాయో లెక్కగడుతుంది. దాని వెనక ఉన్నది హార్ట్, రిస్లీలు 42 కుటుంబాలను గమనించి 1995లో చెప్పిన, పేదింటి పిల్లలకూ కలిగినింటి పిల్లలకూ వినపడే మాటల సంఖ్యలోని అంతరం. పేదింటి తల్లులను ఆ లెక్క చిన్నచూపు చూసిందన్న విమర్శలో బలం ఉంది. తర్వాత వచ్చిన స్పెర్రీ బృందం పరిశోధనలో ఆ అంతరం అలా తేలలేదు. పైగా ఆ యంత్రం లెక్కింపు నేర్చుకున్నది అమెరికన్ ఇంగ్లీషు ఇళ్ళల్లో. అమ్మమ్మ, పిన్ని, పక్కింటివాళ్ళు కలిసి మాట్లాడే తెలుగింట్లో దాని అంకెను తల్లి మార్కుల పట్టికగా చూడటం అన్యాయం. అంకెను దిద్దుకునే సాయం లేకుండా ఇస్తే అది నిందే అవుతుంది.

మన దేశంలో సంస్థలు లేకపోలేదు. మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. 1983లో బొంబాయిలో నెలకొన్న అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో థెరపీ ఫోన్ తెర మీదికి వచ్చినప్పుడు, బిడ్డ పక్కన కూర్చోలేని థెరపిస్టుకు తల్లికి నేర్పడం తప్ప దారి లేకపోయింది. ఇప్పుడు వస్తున్న ఆప్‌లలో చాలావాటికి మళ్ళీ బిడ్డే గిరాకీ, ఎందుకంటే కార్టూన్ తయారీకి ఒక్కసారి పెట్టుబడి చాలు. తల్లి పంపిన వీడియో చూసి జవాబిచ్చే మనిషికి మాత్రం నెలనెలా జీతమివ్వాలి. ట్రేసీ క్లినిక్‌లో ఆ ఖర్చు దాతలు భరించారు. మన దగ్గర ఆ జీతం ప్రభుత్వం ఇవ్వాలా, బీమా ఇవ్వాలా అన్న చర్చ ఇంకా గట్టిగా మొదలుకావాల్సి ఉంది.