గుర్రాన్ని పట్టించిన పరీక్ష

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మాంసం ముక్కను చూసి అది ఏ జంతువుదో అనుభవం ఉన్న కసాయి చెప్పగలడు. మరి దాన్ని కైమా కొట్టి, మసాలా కలిపి, ఉడికించి, డబ్బాలో పెట్టేశాక? అప్పుడు లేబుల్‌ని నమ్మడమే మిగులుతుంది.

ఐర్లాండ్ ఆహార భద్రతా సంస్థ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 2013 జనవరి 15న ఫలితాలు బయటపెట్టింది. 27 రకాల బీఫ్ బర్గర్లు చూస్తే, 10 రకాల్లో గుర్రపు డీఎన్‌ఏ, 23 రకాల్లో పంది డీఎన్‌ఏ కనిపించాయి. చాలావాటిలో ఉన్నది లేశమాత్రమే. కానీ టెస్కో అమ్మిన ఒక బర్గర్‌లో మాత్రం బీఫ్‌తో పోలిస్తే గుర్రపు మాంసం 29 శాతం!

అసలు డీఎన్‌ఏ ఎందుకు? అంతకుముందు ఎక్కువగా ప్రోటీన్లను బట్టి పరీక్షించేవారు. బాగా ఉడికిస్తే ప్రోటీన్ ఆకారం మారిపోతుంది, గుర్తుపట్టడం కష్టం. డీఎన్‌ఏ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. పైగా కణంలోని మైటోకాండ్రియా డీఎన్‌ఏకి వందలు, వేల ప్రతులుంటాయి. కొన్ని తెగిపోయినా కొన్ని దొరుకుతాయి. పీసీఆర్ పద్ధతిలో ఆ తునకను లక్షల రెట్లు పెంచి చూస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పరీక్ష మనం అడిగిన జంతువు గురించే జవాబు చెబుతుంది. ‘గుర్రం ఉందా?’ అని అడగకపోతే, గుర్రం ఉన్నా చెప్పదు. ఐర్లాండ్ వాళ్ల గొప్పతనం యంత్రంలో లేదండీ, ఆ ప్రశ్న అడగడంలో ఉంది.

మన హైదరాబాదులోని సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఈ ప్రశ్ననే తిరగేశారు. ‘ఇది ఫలానా జంతువా?’ అని కాదు, ‘ఇది ఏ జంతువు?’ అని అడిగే పద్ధతి తయారుచేసి 2003లో ప్రచురించారు. వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం ఏ వన్యప్రాణిదో తేల్చడానికి అది పనికొచ్చింది. అయితే నాలుగు జంతువుల మాంసం కలిసిపోయిన కైమాలో ఆ జవాబులు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. అక్కడ ఒక్కో జంతువు పేరు పెట్టి అడగాల్సిందే.

మళ్లీ యూరప్‌కి వద్దాం. ఫిబ్రవరిలో ఫిండస్ లసాన్యాలో కొన్నింట మాంసమంతా గుర్రానిదే అని తేలింది. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ దేశాలు గుర్రపు డీఎన్‌ఏ కోసం 4,144 పరీక్షలు చేస్తే 193 పట్టుబడ్డాయి. ఆ లసాన్యా మాంసం రుమేనియా కబేళాల్లో గుర్రపు మాంసంగానే, చట్టబద్ధంగానే బయలుదేరింది. దారిలో ఎక్కడో బీఫ్ అయిపోయింది. ఎక్కడ అన్నది డీఎన్‌ఏ చెప్పలేదు, బిల్లులు చెప్పాయి. మధ్యలో ఉన్న డచ్ వ్యాపారి కంపెనీ పేరు ‘డ్రాప్’. ఆ అక్షరాలు తిరగేస్తే డచ్ భాషలో గుర్రం! 2019లో పారిస్ కోర్టు అతనికి రెండేళ్ల జైలు వేసింది.

గుర్రపు మాంసం విషమేమీ కాదు, ఫ్రాన్స్‌లో తింటారు కూడా. కానీ గుర్రాలకు నొప్పి తగ్గడానికి ఇచ్చే ఫినైల్‌బ్యుటజోన్ మందు మన కంచంలోకి రాకూడదు. ఇక పంది మాంసం తినని ముస్లింలకు, యూదులకు అది ఒక్క రుచి సంగతి కాదు.

ఏం తినాలో నిర్ణయించుకునే హక్కు తినేవాడిది. ఆ హక్కుకి ఈ పరీక్ష ఒక సాక్షి. కాకపోతే సాక్షిని ఎవరో ఒకరు పిలిచి అడగాలి.